ఎప్పటికీ ఊడని జిగురు

"మావయ్యా, ఎప్పటికీ ఊడని జిగురు ఒకటి దొరుకుతోందిక్కడ. పడవలో ఉన్న బోల్టులన్నిటికీ అదే పూసేస్తే ఇక కురిసే బాధ ఉండదు కదా?"

సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు వేసిన ప్రశ్న ఇది. ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డున వాడొక పాత తెరచాప పడవ కొనుక్కున్నాడు. ముప్పై అడుగుల పొడవు, 1970ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవ. అక్కడ అక్టోబరు మొదలుకొని వసంతం దాకా ముసురు పడుతూనే ఉంటుంది. పడవ లోపల మంచం మీది పరుపు ఎప్పుడూ ఒక మూల తడిసే ఉంటోంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి ఆ పడవ మీద కూర్చుని ఈ సంగతే తేల్చుకోవాలనుకున్నాం.

వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. కొళాయి కారినా, చెప్పు తెగినా, మనం దుకాణంలో అడిగేది "గట్టిగా పట్టేది ఇవ్వండి" అనే. జిగురు ఎంత గట్టిదైతే అంత మంచిదని మనందరి నమ్మకం. పడవ దగ్గర ఆ నమ్మకం సగమే నిజం. ఆ రెండో సగం ఏమిటో తెలియాలంటే ముందు పడవ ఎలా అతుకుతుందో చూడాలి.

అతుకుల బొంత

దూరం నుంచి చూస్తే ఫైబర్‌గ్లాస్ పడవ ఒకే ముక్కలా, నున్నగా చెక్కినట్టు కనిపిస్తుంది. నిజానికి అది రెండు పెద్ద ముక్కలు. నీళ్లలో ఉండే కింది తొట్టి ఒకటి, దాని మీద మూతలా కూర్చునే డెక్ ఒకటి. టిఫిన్ డబ్బా, దాని మూత అనుకోండి. రెండిటి అంచులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మధ్యలో జిగురు పూసి, చుట్టూ బోల్టులు బిగిస్తారు. ఇక తొట్టి అడుగున కీల్ వేలాడుతుంది. గాలి తెరచాపను తోసినప్పుడు పడవ బోర్లా పడకుండా నిలబెట్టే సీసపు దిమ్మ అది. ఈ సైజు పడవకు అది సుమారు రెండు టన్నులుంటుంది. ఆ బరువంతా కొన్ని బోల్టుల మీద వేలాడుతుంది.

వీటికి తోడు డెక్ మీద వందల రంధ్రాలు. రైలింగు స్తంభాలకు, తాళ్లు కట్టే క్లీట్లకు, కిటికీలకు, తెరచాప తాడు లాగే విన్చీలకు, దేనికి చూసినా బోల్టే, బోల్టుకో రంధ్రమే. నీటి మట్టానికి కింద కూడా తూములుంటాయి. ఇంజను చల్లబడటానికి నీరు తీసుకునే తూము ఒకటి, సింకు నీరు పోయే తూము ఒకటి, ఇలా.

పైగా పడవ ఇల్లులా కదలకుండా నిలిచి ఉండదు. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు రెండు పక్కలనుంచీ డెక్‌ను పైకి లాగుతుంటాయి. అల తగిలినప్పుడల్లా తొట్టి కాస్త మెలితిరుగుతుంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, 254 రోజుల్లో సుమారు 21,600 నాటికల్ మైళ్లు చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చిన మన నౌకాదళపు తెరచాప పడవ తారిణిని తలుచుకోండి. అందులో ప్రయాణించిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. వాళ్ల పడవలోని ప్రతి అతుకూ సముద్రం మీద ఉన్నన్ని రోజులూ రాత్రనక పగలనక సాగుతూ, ముడుచుకుంటూనే ఉండి ఉంటుంది. కదలని చోట నీటిని ఆపడం తేలిక. కదిలే చోట ఆపడమే అసలు విద్య.

ఈ విద్య మన తీరానికి కొత్త కాదు. కోరమండల్ తీరంలో ఒకప్పుడు ఓడలకూ ఒడ్డుకూ మధ్య సరుకులు చేరవేసిన మసూలా పడవల్లో పలకలను మేకులతో కొట్టేవారు కాదు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటం ఎత్తి ఒడ్డున పడేసినా పలకలు కాస్త కదిలి సర్దుకునేవి, పగిలేవి కావు. తాడు పాతబడితే కుట్లు విప్పి మళ్లీ కుట్టుకునేవారు. కదిలే అతుకు, విప్పుకోగల అతుకు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి.

అంటు, పట్టు, సాగు

ఒక జిగురును అంచనా వేయాలంటే మూడు గుణాలు చూడాలి. వీటికి నేను పెట్టుకున్న పేర్లు అంటు, పట్టు, సాగు.

జిగురు ఎదుటి వస్తువును అంటుకునే బలం అంటు. పనసపండు కోసేటప్పుడు చేతికి, కత్తికి ఆముదమో కొబ్బరినూనో రాసుకుంటాం. పనస జిగురు బలహీనమని కాదు, నూనె పొర అడ్డొస్తే ఎంతటి జిగురూ చర్మాన్ని తాకలేదని. పడవ మీద పూసే జిగురు ఊడిపోవడానికి మొదటి కారణం సరిగ్గా ఇదే. పాత మైనం, పాత జిగురు తాలూకు పొర, చివరికి మన వేలిముద్రలోని జిడ్డు చాలు.

జిగురు తనలో తాను తెగకుండా నిలిచే బలం పట్టు. పుస్తకాల అట్టలకు వాడే మైదా ఉడుకు కాగితానికి బ్రహ్మాండంగా అంటుకుంటుంది. లాగితే మాత్రం మధ్యలోకి తెగుతుంది, రెండు అట్టలకూ కాస్త కాస్త మిగులుతుంది. అంటు ఉంది, పట్టు లేదు. ఊడిన అతుకును చూసి రోగం చెప్పొచ్చు. జిగురంతా ఒకే వైపు ఉండిపోయి రెండో వైపు నున్నగా కనిపిస్తే అంటు తప్పింది, అంటే శుభ్రం చేయలేదు. రెండు వైపులా జిగురు మిగిలితే పట్టు చాలలేదు, అంటే అక్కడికి తగని జిగురు వాడారు.

మూడోది సాగు. తెగకుండా ఎంత పొడవు సాగి మళ్లీ వెనక్కి రాగలదన్నది. అరల్డైట్ లాంటి ఎపాక్సీ జిగుళ్లకు అంటూ పట్టూ రెండూ అపారం, సాగు దాదాపు సున్నా. అందుకే కదిలే సందులో ఎపాక్సీ పూస్తే అది సాగలేక గాజులా చిట్లుతుంది.

ఇంకో మాట. బలం ఏ దిక్కునుంచి వస్తోందన్నది కూడా ముఖ్యం. నుదుటి మీది స్టిక్కరు బొట్టును మొత్తంగా ముందుకు లాగితే రాదు. అంచున గోరు పెట్టి ఎత్తితే సులువుగా వచ్చేస్తుంది. మొత్తంగా లాగినప్పుడు బరువు బొట్టు వెడల్పంతా పంచుకుంటుంది. అంచున ఎత్తినప్పుడు ఒక సన్నని గీత మీదే పడుతుంది. రైలింగు స్తంభాన్ని ఎవరైనా పట్టుకుని వాలినప్పుడు దాని పీట కింద జిగురుకు జరిగేది సరిగ్గా ఇదే. ఒక అంచు నొక్కుకుంటుంది, ఎదుటి అంచు లేస్తుంది.

పడవల దుకాణంలో దొరికే జిగుళ్లు ప్రధానంగా నాలుగు ఇళ్లవాళ్లు. సిలికోన్ మన వాష్‌బేసిన్ అంచుల్లో ఉండేదే. చాలా రకాలు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తాయి. బాగా సాగుతుంది, ఎండకు తట్టుకుంటుంది. హైటెక్ సిటీలోలాంటి అద్దాల మేడల్లో పలకలను పట్టి ఉంచేదీ ఈ కుటుంబమే. కానీ పూసిన చోట కంటికి కనిపించని నూనెపొర వదులుతుంది. ఆ తర్వాత అక్కడ రంగు పట్టదు, వేరే జిగురు పట్టదు, సరికొత్త సిలికోన్ కూడా సరిగ్గా పట్టదు. అందుకే పడవల మరమ్మతుల్లో నలిగినవాళ్లు దాన్ని కొన్ని కిటికీలకే పరిమితం చేస్తారు. నా అభిప్రాయమూ అదే.

పాలీసల్ఫైడ్ కథ వేరు. 1926లో అమెరికాలోని కాన్సస్ సిటీలో జోసెఫ్ పాట్రిక్ అనే ఆయన, నాథన్ మ్నూకిన్‌తో కలిసి, చలికి కారు రేడియేటరులో నీరు గడ్డకట్టకుండా చేసే చవక ద్రవం తయారుచేయబోయాడు. పాత్రలో మిగిలింది ముక్కు మూసుకునేంత కంపు కొట్టే జిగట ముద్ద. దేనితో కడిగినా కరగలేదు. ఏ ద్రావకానికీ లొంగని ఆ మొండితనమే దాని విలువ అయింది. థయొకాల్ అనే పేరుతో అది కృత్రిమ రబ్బరుగా బజారుకెక్కింది. దాని వారసులు తర్వాత విమానాల ఇంధనపు ట్యాంకుల అతుకుల్లోకీ, టేకు చెక్క డెక్‌ల సందుల్లోకీ చేరాయి. నెమ్మదిగా ఆరుతుంది, ఓ మోస్తరుగా అంటుతుంది, కావాలంటే విప్పుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: యాక్రిలిక్ వంటి ప్లాస్టిక్ కిటికీలకు ఇది పడదు. ప్లాస్టిక్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్లు తెస్తుంది.

బ్యూటైల్‌ను మీరు ఎరుగుదురు, పేరు తెలియకపోవచ్చు. గాలిని బయటికి పోనివ్వని గుణం వల్ల దాన్ని టైరు ట్యూబులకు వాడతారు. పడవకు వాడేది దాని మెత్తని రూపం. రిబ్బనులా చుట్టలు చుట్టి అమ్ముతారు. ఇది ఎప్పటికీ గట్టిపడదు. ఇరవై ఏళ్ల తర్వాత విప్పినా చపాతీ పిండిలా సాగుతుంది. దీని పట్టు చాలా తక్కువ. బోల్టు బిగువుకు నొక్కుకుని సందు మూయడమే దీని పని.

నాలుగోది పాలీయురేథేన్. మా మేనల్లుడు చెప్పిన ఊడని జిగురు ఈ ఇంటిదే.

నీళ్లు తాగి గట్టిపడేది

ఇల్లు కట్టేవాళ్లందరికీ క్యూరింగ్ తెలుసు. శ్లాబు వేసిన మర్నాటి నుంచి మడులు కట్టి నీళ్లు పెడతారు. సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. ఫెవికాల్ దీనికి తలకిందులు, తనలోని నీరు ఆవిరైపోతేనే బిగుస్తుంది. పాలీయురేథేన్ జిగురు సిమెంటు పక్షం. ట్యూబులోంచి బయటికి రాగానే గాలిలోని తేమను పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అందుకే ఒకసారి మూతి కోసిన ట్యూబు, ఎంత గట్టిగా మూసినా, కొన్నాళ్లకు లోపలే రాయైపోతుంది.

ఆ ముద్ద లోపల ఏం జరుగుతుందో ఊహించుకుందాం. అందులో పొడవాటి దారాల్లాంటి అణువులు కిక్కిరిసి ఉంటాయి. ప్రతి దారానికి రెండు చివరలా ఒక్కో చెయ్యి. ఎవరినైనా పట్టుకోవాలని చాచిన చెయ్యి. ఆ చేతి పేరు ఐసోసైనేట్. కానీ రెండు దారాలు ఒకదాని చెయ్యి ఒకటి నేరుగా పట్టుకోలేవు. నీటి అణువు ఒకటి వచ్చి ఒక చేతి తీరును మారుస్తుంది. అలా మారిన చెయ్యి పక్క దారపు చేతిని చటుక్కున అందుకుంటుంది. ఈ మార్పులో కాస్త బొగ్గుపులుసు వాయువు విడుదలవుతుంది. ఇలా చెయ్యీ చెయ్యీ కలుస్తూ ముద్ద అంతా ఒకే వల అవుతుంది. వలలో కొన్ని ముడులు గట్టివి, మధ్య దారాలు మెత్తగా సాగేవి. గట్టి ముడులు పట్టునిస్తాయి, మెత్తని దారాలు సాగునిస్తాయి. రెండూ ఒకే పదార్థంలో కుదరడమే పాలీయురేథేన్ గొప్పతనం. 1937లో జర్మనీలోని లెవర్‌కుసెన్‌లో ఒట్టో బాయర్ బృందం వేసిన పునాది ఇది. దిండ్లలోని స్పాంజి, బూట్ల అట్టలు కూడా దీని చుట్టాలే.

ఈ బొమ్మ మనసులో ఉంటే చాలా సంగతులు వాటంతటవే అర్థమవుతాయి. తేమ పైనుంచి లోపలికి చేరాలి కాబట్టి జిగురు పై చర్మం ముందు కడుతుంది, లోపల తర్వాత ముదురుతుంది. పైన వేలు పెడితే అంటకపోయినా లోపల పచ్చిగానే ఉండొచ్చు. ఈ జాతిలో అందరికీ తెలిసిన 3ఎమ్ 5200 రకానికి తయారీదారు చెప్పే లెక్క, పైన బంక పోవడానికి 48 గంటలు, పూర్తిగా ముదరడానికి 5 నుంచి 7 రోజులు. సియాటిల్ చలిలో ఇంకా ఆలస్యం కావచ్చు. విశాఖ తీరపు ఉక్కలో త్వరగా అవుతుంది. రామగుండం మే నెల వడగాలిలో, వేడి ఎంత ఉన్నా, గాలిలో తేమ లేక నెమ్మదిస్తుంది.

శుభ్రం చేసే ద్రావకం సంగతి కూడా ఇందులోంచే తెలుస్తుంది. చాలామంది అలవాటుగా స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరకముందే జిగురు పూస్తారు, లేదా స్పిరిట్‌లో వేలు ముంచి జిగురును నున్నగా సర్దుతారు. ఆల్కహాలు కూడా ఆ చేతులను పట్టుకోగలదు, కానీ దానికి ఖాళీగా ఉన్నది ఒకే చెయ్యి. దాన్ని పట్టుకున్న దారం ఇంక ఎవరికీ అందదు. గొలుసు అక్కడితో ఆగిపోతుంది. ఆ చోట జిగురు ఎన్నాళ్లైనా బంకగానే ఉంటుంది. అసిటోన్‌తో తుడవడం, అది ఆరాక పూయడం మంచిది.

ఇదే చెయ్యి మన శరీరాన్నీ పట్టుకుంటుంది. కొందరికి ఐసోసైనేట్ పడక ఉబ్బసం వస్తుంది, ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిపాటిగా తగిలినా ఇబ్బందే. చేతికి తొడుగులు వేసుకోండి. పడవ లోపల ఇరుకు గదిలో పూస్తుంటే కిటికీలన్నీ తెరిచిపెట్టండి. ఈ మాట ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

విప్పే అతుకు, విప్పని అతుకు

ఇప్పుడు పరుపు తడిసే మూలకు వద్దాం. నీరు పడుతున్న చోటికి సరిగ్గా పైన ఏమీ లేదు. ఇల్లు కురిసే వాళ్లకు ఇది అనుభవమే. కారే చోటు ఒకటి, చిల్లు ఇంకెక్కడో. ఈ పడవ డెక్ రెండు పలచని ఫైబర్‌గ్లాస్ రేకుల మధ్య, బొబ్బట్టులో పూర్ణంలా, బాల్సా కర్ర ముక్కలు పేర్చి చేసింది. బాల్సా అతి తేలికైన కర్ర, గట్టిదనానికి సరిపోతుంది, నీరు తగిలితే మాత్రం కుళ్లుతుంది. బోల్టు పక్కనుంచి దిగిన చుక్క ఆ పూర్ణంలో చేరి, పాకి, ఎక్కడో దూరంగా బయటపడుతుంది.

కొబ్బరికాయ తట్టి చూసినట్టు ఒక ప్లాస్టిక్ సుత్తి పిడితో డెక్‌ను అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లాం. మంచి చోట టక్ టక్‌మని ఖణీమంటుంది. ఎడమవైపు మూడో రైలింగు స్తంభం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు చచ్చుబడి, మెత్తగా డబ్‌మంది. అక్కడే రోగం.

స్తంభం పీటకున్న నాలుగు నట్లూ విప్పాం. పీట కదల్లేదు. పాత యజమాని దాని కింద ఊడని జిగురు పూశాడు. ఆ జిగురు పట్టు, పూర్తిగా ముదిరాక, ప్రయోగశాల లెక్కలో చదరపు సెంటీమీటరుకు సుమారు 50 కిలోలు. పీట ఒక్కో వైపు 8 సెంటీమీటర్లు అనుకుంటే 64 చదరపు సెంటీమీటర్లు, అంటే మూడు టన్నుల పైమాట. బయట దొరికే పరిస్థితుల్లో అందులో సగమే నిలిచిందనుకున్నా, డెక్ మీది మెరుపు పొర తన కింది పొరను పట్టుకున్న బలం కంటే అది ఎక్కువ. హీట్‌గన్‌తో పీటను వేడిచేశాం, ఎందుకంటే వేడికి ఈ జిగురు కాస్త మెత్తబడుతుంది. సన్నని గిటారు తీగకు రెండు చివరలా కర్రముక్కలు కట్టి, పీట కింద రంపంలా ఆడించాం. గంటన్నర పట్టింది. చివరికి పీట లేచింది, దాంతో పాటే అరచేతిలో సగమంత డెక్ పొర కూడా ఊడి వచ్చింది. అడుగున తెల్లటి జిగురు చెక్కుచెదరలేదు. దాని పక్కన బాల్సా మాత్రం తడిసిన టీపొడిలా నల్లగా పొడిపొడిగా ఉంది.

"జిగురు ఊడలేదు కదా మావయ్యా, మరి నీళ్లెలా వెళ్లాయి?" అన్నాడు వాడు.

అసలు ప్రశ్న అది. జిగురు ఒక పక్క ఊడలేదు. కానీ ఏళ్ల తరబడి జనం స్తంభాన్ని పట్టుకుని వాలడంతో, బొట్టు అంచు లేచినట్టు, ఇంకో అంచున వెంట్రుకంత సందు పడింది. ఆ సందు కంటికి కనిపించదు. కనిపించినా, మిగతా పీట ఇంత గట్టిగా పట్టుకుని ఉంటే విప్పి సరిచేయడానికి ఎవరికీ మనసొప్పదు. అంచు చుట్టూ ఇంకాస్త జిగురు పూసి ఊరుకుంటారు. నీరు దిగుతూనే ఉంటుంది. గట్టి జిగురు నీటిని ఆపలేకపోయింది సరికదా, నీరు వస్తున్న సంగతి తెలియకుండా దాచింది.

అందుకని అతుకుల్ని నేను రెండు కుప్పలు చేస్తాను. పడవ బతికినంత కాలం విప్పనవసరం లేనివి, అక్కడ బలమే ముఖ్యమైనవి ఒక కుప్ప. తొట్టి, డెక్ కలిసే అంచు అందులో మొదటిది. దాన్ని ఎవరూ విప్పరు, పడవ మెలితిరిగే బలమంతా దాని మీదే. అక్కడ ఊడని జిగురే సరైనది. కీల్ దగ్గర కూడా చాలామంది అదే పూస్తారు. బరువు మోసేది బోల్టులే అయినా, మధ్యలోకి సముద్రపు నీరు దిగితే బోల్టులను లోలోపల తుప్పు తినేస్తుంది. ఆ జిగురు పట్టు ఎంత మొండిదంటే, ఎప్పుడైనా బోల్టులు చూడాల్సి వచ్చి నట్లన్నీ తీసేసినా రెండు టన్నుల సీసం కిందికి రాక, కోసి దింపాల్సి వస్తుంది.

రెండో కుప్ప, ఎప్పటికైనా విప్పి చూడాల్సినవి. రైలింగు స్తంభాలు, క్లీట్లు, విన్చీలు, కిటికీ చట్రాలు. అన్నిటికంటే ముఖ్యం చెయిన్‌ప్లేట్లు. తెరచాప స్తంభపు తీగలు కట్టే ఉక్కు పట్టీలవి. డెక్‌ను చీల్చుకుని కిందికి దిగుతాయి. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు పట్టకుండా ఉండేది గాలిలోని ఆక్సిజన్ దాని మీద ఒక సన్నని రక్షణ పొరను నిత్యం పునరుద్ధరిస్తుంటేనే. గాలి ఆడని, నీరు నిలిచిన సందులో ఆ పొర తెగి, లోపలే గుంటలు పడతాయి. పైన మెరుస్తూనే ఉంటుంది. డెక్ మందంలో దాగిన ఆ రెండంగుళాలనూ అప్పుడప్పుడూ బయటికి తీసి కళ్లతో చూడటం తప్ప వేరే పరీక్ష లేదు. అక్కడ ఊడని జిగురు పూయడం అంటే ఆ పరీక్షకు తలుపు మూసేయడమే. చెయిన్‌ప్లేటు తెగితే తెరచాప స్తంభమే కూలుతుంది.

నీటి కింది తూముల సంగతి మీద పడవల వాళ్లలోనే రెండు వాదాలున్నాయి. ఒకటిన్నర అంగుళం తూము, నీటి మట్టానికి రెండడుగుల కింద ఊడిపోతే, నా లెక్కలో నిమిషానికి సుమారు 140 లీటర్ల నీరు లోపలికి దూకుతుంది. ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు నిమిషానికి ఏడు. ఆ భయంతో చాలామంది ఊడని జిగురే పూస్తారు. కానీ తూమును పట్టి ఉంచేది దాని మరలు, లోపల బిగించిన పెద్ద నట్టు. జిగురు పని సందు మూయడమే. కంచు తూములకు కూడా కొన్ని దశాబ్దాలే ఆయుష్షు. అందుకని సగం బలం గల పాలీయురేథేన్ రకం చాలన్నది నా వైపు.

సందు కూడా జిగురులో భాగమే

కిటికీల దగ్గర మరో చిక్కుంది. వేడికి ప్లాస్టిక్ పెరిగినంతగా ఫైబర్‌గ్లాస్ పెరగదు. మీటరు పొడవు యాక్రిలిక్ కిటికీ, చల్లని వేకువ నుంచి మండే మధ్యాహ్నానికి 40 డిగ్రీలు వేడెక్కితే, దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చుట్టూ ఉన్న ఫైబర్‌గ్లాస్ ఒక మిల్లీమీటరు దాకానే పెరుగుతుంది. మధ్య తేడా సుమారు 2 మిల్లీమీటర్లు. జిగురు పొర కాగితమంత పలచగా ఉంటే ఆ రెండు మిల్లీమీటర్లు దానికి తన మందానికి ఎన్నో రెట్లు. తెగుతుంది, లేదా కిటికీని చిట్లిస్తుంది. పొర 5 మిల్లీమీటర్ల మందం ఉంటే అదే కదలిక దానికి లెక్కలోకి రాదు. అందుకే బలంగా బిగించి జిగురంతా బయటికి పిండేయడం పొరపాటు. రైలు పట్టాల మధ్య సందులా, ఇక్కడ మందాన్ని మనం కావాలని ఉంచుకోవాలి.

టేకు డెక్ పలకల మధ్య గాడిలో జిగురు నింపేటప్పుడు పనివాళ్లు గాడి అడుగున ఒక సన్నని టేపు పరుస్తారు. దాని మీద జిగురు అంటదు. మొదటిసారి చూసినవాళ్లకు వింతగా ఉంటుంది, ఎక్కువ చోట్ల అంటితే మంచిదే కదా అని. ఒక రబ్బరు బ్యాండును రెండు చివరలా పట్టుకుని లాగండి, మూడు నాలుగు రెట్లు సాగుతుంది. అదే బ్యాండును పొడవునా బల్లకు అంటించి చివర్లు లాగండి, ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. పలకలు రెండూ విడిపోయినప్పుడు జిగురు రెండు పక్కలనే పట్టుకుని ఉంటే మొత్తం సాగుతుంది. అడుగును కూడా పట్టుకుంటే సాగడానికి చోటుండదు. తక్కువ చోట అంటించడం వల్ల ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా ఆనందం కలిగింది.

మూడో స్తంభం

పీట కింద కుళ్లిన బాల్సాను వంచిన మేకుతో గోకి తీశాం. పది రోజులు ఎండకు, తర్వాత చిన్న ఫ్యానుకు ఆరబెట్టాం. రంధ్రాలను పెద్దవి చేసి, చుట్టూ అంగుళం దాకా ఖాళీ చేసి, పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీ నింపాం. అది బిగిశాక దాని మధ్యలోంచి కొత్త రంధ్రాలు వేశాం. ఇప్పుడు బోల్టు ఎపాక్సీ గొట్టంలోంచి వెళ్తుంది. పైన సందు పడినా నీరు బాల్సాను తాకదు. అసలు కాపలా ఇదే, పైన పూసేది రెండో కాపలా.

ప్రతి రంధ్రం మూతిని కాస్త గరాటులా చెక్కాం. పీటనూ డెక్‌నూ అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోలేదు. బూడిదరంగు బ్యూటైల్ రిబ్బను ముక్క తీసి, వేళ్ల మధ్య నలిపి, పురికొసలా చేసి బోల్టు తల కింద చుట్టాం. పీట అడుగున కూడా పరిచాం. వాడు పైన కూర్చుని బోల్టు తిరగకుండా స్క్రూడ్రైవరుతో పట్టుకున్నాడు. నేను లోపల మంచం మీద వెల్లకిలా పడుకుని నట్టు తిప్పాను. బోల్టు తిరిగితే గరాటులోని ముద్ద చిరుగుతుంది, అందుకే నట్టే తిరగాలి. బ్యూటైల్ బద్ధకమైనది, ఒక్కసారే లొంగదు. పావు చుట్టు తిప్పి ఆగాం. అంచుల్లోంచి ముద్ద మెల్లగా బయటికి వచ్చింది. మర్నాడు ఇంకో పావు చుట్టు. మూడో రోజు మరికాస్త.

ఆ రాత్రి వాన పడింది. నాలుగు బోల్టుల కిందా టిష్యూ కాగితం అంటించి పెట్టాం. పొద్దున్నే వాడు టార్చి వేసి చూసి, "నాలుగూ పొడిగానే ఉన్నాయి మావయ్యా" అన్నాడు. మిగిలిన స్తంభాలను కూడా ఒక్కొక్కటిగా విప్పుతానన్నాడు. చెయిన్‌ప్లేట్లు ఆరున్నాయి. నేను తిరిగి వచ్చే ముందు రోజు కుడివైపు మొదటిది మాత్రం తీయగలిగాం. డెక్ మందంలో ఉన్న చోట, బోల్టు రంధ్రం అంచున, గోధుమరంగు మరకా, దాని మధ్య గోరుకు తగిలే సన్నని గీతా ఉన్నాయి. ఆ పట్టీని ఒక గుడ్డలో చుట్టి, దాని మీద పెన్నుతో తేదీ రాసి, కొత్తది చేయించడానికి వాడు పక్కన పెట్టాడు. మిగిలిన ఐదూ తీసి చూసేదాకా తెరచాప ఎత్తనని వాళ్ల అమ్మకు ఫోన్లో చెప్పాడు.